మోగుతోంది

నీళ్ళ కుండ మీద మధ్యవేలి కణుపుతో రెండుసార్లు తట్టి, తల ఎడమ పక్కకి వంచి ఆగాడు చెవి మేస్త్రి. మూడోసారి తట్టాడు. తర్వాత ఇత్తడి చెంబుని తట్టాడు, తలుపు చెక్కని తట్టాడు, చివరికి తను కూర్చున్న పీటని తట్టాడు. అన్నీ ఒకటే మాట చెప్పాయి. డబ్, డబ్, డబ్. కుండకీ పీటకీ తేడా తెలియని రోజు ఒకటి వస్తుందని ఆయన చాలాకాలం భయపడ్డాడు. ఆ రోజు వచ్చి ఆర్నెల్లయింది. అయినా పొద్దున్నే లేచి ఒకసారి తట్టి చూసుకోవడం మానలేదు, జ్వరం తగ్గిందేమోనని నుదురు పట్టి చూసుకునేవాడిలా.

వెనక భార్య వచ్చి నిలబడిందని నేల మీద నీడ చూసి తెలుసుకున్నాడు. ఆమె చుట్టూ తిరిగి ఎడమ పక్కకి వచ్చి, చెవికి నోరు ఆనించినంత దగ్గరగా వంగింది. కుడి చెవి పోయి ఇరవై ఏళ్ళు. ఎడమ చెవి అడుగంటింది గాని, దగ్గరగా, గట్టిగా అంటే మనిషి మాట ఇంకా అందుతుంది. మాట అందుతుంది, మోత అందదు. అదే వచ్చిన చిక్కు.

"ఇవాళైనా చెప్పు దానికి," అంది.

"ఏం చెప్పను?"

"వినపడ్డం లేదని చెప్పు. పరాయిదా ఏమన్నా? నీ చెల్లెలి కూతురు. ఈ ఇంట్లో, నా చేతి ముద్దలు తిని పెరిగింది."

"చూద్దాంలే."

"చూడ్డం కాదు, వినడం కదా నీ పని!" అని గయ్యిమంది. అంతలోనే నవ్వొచ్చింది ఆమెకి. "నా మాట వినకపోవడం నీకు ముప్ఫై ఏళ్ళ అలవాటు. ఊళ్ళోవాళ్ళది వినపడకపోవడమే కొత్త."

ఆయన కూడా నవ్వాడు. నవ్వుతూనే చెక్క సుత్తిలాంటి కొడతిని పాత గుడ్డలో చుట్టి చంకలో పెట్టుకున్నాడు. చెబుతాననీ అనలేదు, చెప్పననీ అనలేదు. గడప దాటాక గాని ఆ నవ్వు ఆయన ముఖం మీంచి పోలేదు. 

ఆయన అసలు పని పడవల సందుల్లో నార కూరడం. బల్లకీ బల్లకీ మధ్య ఉండే సందులో నూనెలో నానిన నార పెట్టి, ఉలి ఆనించి కొడతితో కొట్టి లోపలికి దింపి, పైన తారు పూయాలి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా దెబ్బ మీద దెబ్బ, తలకి మూరెడు దూరంలో. నలభై ఏళ్ళు ఆ పని చేశాడు. ఆయన పుణ్యాన పడవలు నీళ్ళు తాగలేదు గాని, ఆ దెబ్బలన్నిటినీ చెవులు తాగాయి. అయితే ఆ నలభై ఏళ్ళలోనే ఆయనకొక విద్య కూడా అబ్బింది. కొడతి తగిలితే మంచి బల్ల మోగుతుంది. లోపల పుచ్చిన బల్ల, తేమ పట్టిన బల్ల, రంగు కింద పగులు దాచుకున్న బల్ల మోగదు, మూలుగుతుంది. ఇది బ్రహ్మవిద్య కాదు. కుండ కొనే ప్రతి ఆడమనిషీ తట్టే కొంటుంది. కానీ ఆయనకి తెలిసినంత ఇంకెవరికీ తెలిసేది కాదు. కళ్ళు మూసుకుని తట్టి, ఏ బల్ల ఎక్కడ చెడిందో, చెడు ఎన్ని జానల మేర పాకిందో చెప్పేవాడు. బల్ల ఊడదీస్తే సరిగ్గా అన్ని జానలే ఉండేది.

అందుకని కాలువ పొడుగునా పడవ కొనేవాళ్ళు ముందు ఆయన్ని వెంటబెట్టుకెళ్ళడం మొదలుపెట్టారు. ఆయన అన్ని బల్లలూ తట్టి, నడుం నిటారుగా చేసి, ఒకే ఒక్క మాట అనేవాడు: "మోగుతోంది." ఆ మాట పడితే ఇక పడవ కొన్నట్టే. బాగోలేకపోతే ఏమీ అనేవాడు కాదు, కొడతి గుడ్డలో చుట్టేసేవాడు. అది చూసి కొనవచ్చినవాళ్ళు ఇంటిదారి పట్టేవాళ్ళు, పడవ చేసినవాడు తల గోక్కుంటూ ఉండిపోయేవాడు. అమ్మానాన్నా పెట్టిన పేరు ఎప్పుడో మరుగునపడి, చెవి మేస్త్రి అన్న పేరు మిగిలింది. ఆ పేరంటే ఆయనకి లోలోపల బోలెడు గర్వం. ఆ గర్వమే ఇప్పుడు నోరు కుట్టేసింది.

ఏ చెవి అన్నం పెట్టిందో ఆ చెవినే పని తినేసింది. ఈ ఆర్నెల్లలో తొమ్మిది పడవలు తట్టాడు. తొమ్మిదింటికీ "మోగుతోంది" అన్నాడు. అబద్ధమాడుతున్నానని అనుకోలేదు. బల్ల చెప్పకపోతే బల్ల వేసినవాడు చెబుతాడు కదా అని సర్దిచెప్పుకున్నాడు. పడవని వదిలి పడవ చేసినవాణ్ణి తట్టి చూడడం మొదలుపెట్టాడు. మంచి పనివాడి పెరట్లో చెత్తకుప్ప పెద్దదిగా ఉంటుంది, ఎందుకంటే పనికిరాని చెక్క పారేయడానికి వాడికి మనసొప్పుతుంది. పిసినారి పనివాడి చెత్తంతా పడవలోనే ఉంటుంది. మంచివాడు ఎవరూ చూడని చోట కూడా చిత్రిక పడతాడు. కొత్త రంగు వేసిన పడవనీ, మరీ మర్యాదగా మాట్లాడే మనిషినీ కాస్త గోకి చూడాలి. ఇలాంటివి ఆయనకి ఓ పాతిక తెలుసు. ఆ లెక్కలతోనే తొమ్మిది పడవలు నీళ్ళలోకి దిగాయి. ఇప్పటిదాకా ఏదీ మునగలేదు. మునగలేదన్న సంగతి రోజూ సాయంత్రం లాకుల దాకా నడిచి వెళ్ళి మరీ కళ్ళారా చూసుకుని వస్తున్నాడని భార్యకి కూడా తెలియదు. గాలి కోసం తిరిగొస్తున్నాడనుకుంటోంది పాపం.

మేనకోడలూ, ఆమె మొగుడూ కాలువ గట్టు మీద నిలబడి ఉన్నారు. ఇద్దరూ ఉతికిన బట్టలు కట్టుకున్నారు, పెళ్ళిచూపులకి బయల్దేరినట్టు. అద్దె గది ఖాళీ చేస్తామని చెప్పేశారు. సామాన్లు మూటలు కట్టేశారు. ఇకనుంచి పడవే ఇల్లు. వెనక చిన్న గదిలో కాపురం, ముందు భాగంలో కిరాయికి మోసే పెంకులు. పిల్లలిద్దరు, పెద్దవాడికి ఐదు, చిన్నదానికి రెండు నిండలేదు. ఇద్దరికీ ఈత రాదు. తల్లికీ రాదు. ఈ సంగతి మేస్త్రికి తెలుసు. రాత్రంతా ఆయన్ని నిద్రపోనివ్వకుండా కూర్చోబెట్టింది ఈ సంగతే.

గట్టు దారి సన్నగా ఉంది. మొగుడు ముందు నడిచాడు, మధ్యలో మేస్త్రి, వెనక మేనకోడలు. వెనక నుంచి ఆమె మాట్లాడుతూనే ఉంది. గొంతు ఉందని తెలుస్తోంది గాని, మాట చిక్కడం లేదు. ఆయన తోచినప్పుడల్లా "ఊ" అన్నాడు. ఊ కొట్టడంలో ఈమధ్య ఆయన బాగా ఆరితేరాడు. ఎక్కడ ఆగితే అక్కడ ఊ, గొంతు పైకి లేస్తే ఓ చిన్న నవ్వు. లోకంలో సగం మాటలకి ఇంతకన్నా జవాబు అక్కర్లేదని కూడా కనిపెట్టాడు.

ఒకచోట ఆమె గబగబా వచ్చి ఆయన ఎడమ చెయ్యి పట్టుకుంది.

"ఊ అంటావేంటి మావయ్యా? చిన్నదాని నడుముకి తాడు కట్టి గుంజకి కట్టేస్తాను, పాపమంటావా అని అడుగుతుంటే!"

"కట్టేయ్. పాపమేం లేదు. నడక కుదురుకునేదాకా కట్టేయ్."

"నువ్వు సరే అంటేనే పడవ. లేకపోతే లేదు. ఆయనకి కూడా అదే చెప్పాను. మావయ్య నోటంట ఆ మాట వస్తేగాని పిల్లల్ని అందులో కాలు పెట్టనివ్వనని."

ఆయన ఆగాడు. చెప్పడానికి నోరు తెరిచాడు కూడా. "అమ్మాయ్, ఒక్క మాట" అనబోయాడు. అప్పుడే ముందున్న మొగుడు వెనక్కి తిరిగి చెయ్యి చాచాడు. మలుపులో, తుమ్మచెట్ల అవతల, కొత్త పడవ ముక్కు కనిపించింది. మేనకోడలు ఆయన చెయ్యి వదిలేసి చిన్నపిల్లలా ముందుకి పరిగెత్తింది. తెరిచిన నోరు ఆయన మళ్ళీ మూసుకున్నాడు.

పడవలు కట్టే ఆ మనిషిని అందరూ పొడుగు మేస్త్రి అంటారు. నిజంగానే తాటిచెట్టంత మనిషి. మాటలు మాత్రం కురచ. నమస్కారానికి తలూపాడు, పడవ వైపు చెయ్యి చూపించాడు, పక్కకి తప్పుకున్నాడు. మాట్లాడితే ఎక్కడ అరిగిపోతానో అన్నట్టుంది వాలకం. మర్యాదలూ పొగడ్తలూ లేవు. అది మంచి గుర్తే. కానీ పెదాలు సరిగా కదపని మనిషి చెవి మేస్త్రికిప్పుడు శత్రువుతో సమానం.

పెరడంతా కలయజూశాడు.  ఊడ్చి పెట్టినట్టుంది పెరడు. చెక్క పేడు లేదు, ముక్క లేదు, చిత్రిక పొట్టు కూడా లేదు. చెత్తకుప్పే లేదు. ఆయన నమ్ముకున్న మొదటి గుర్తే కొట్టుకుపోయింది. పారేయడానికి మనసొప్పనివాడా? లేక మనం వస్తున్నామని దాచేశాడా?

పడవ కర్ర దిమ్మెల మీద ఎత్తుగా నిలబడి ఉంది. ముప్ఫై అడుగుల పొడుగు, నిండైన పొట్ట, ముద్దొచ్చే ముక్కు. ఆకుపచ్చ రంగు ఇంకా వాసన పోలేదు. రంగు కొత్తది. ఇది రెండో దెబ్బ.

పడవ ముట్టుకోబోయే ముందు ప్రతి పనివాణ్ణీ అడిగే ప్రశ్న ఒకటుంది ఆయనకి. పాతికేళ్ళుగా అడుగుతున్నాడు. అలవాటుగా ఇప్పుడూ అడిగేశాడు.

"ఇందులో తప్పేముంది మేస్త్రీ?"

తప్పేమీ లేదని ఛాతీ విరుచుకునేవాడు అబద్ధాలకోరు. చిన్న చిన్న తప్పులు రెండు చెప్పి పెద్దది మింగేవాడు గడుసువాడు. వెంటనే పెద్దదే చెప్పేవాడు వెయ్యిమందిలో ఒకడుంటాడు. పొడుగు మేస్త్రి వీళ్ళలో ఎవరూ కాలేదు. పడవనే చూస్తూ నిలబడ్డాడు. పెదాలు కదలలేదు. చెవి మేస్త్రి అంతసేపూ ఆయన నోటినే చూశాడు. ఇక చూస్తే బాగుండదని తల తిప్పుకున్నాడు.

నిచ్చెన ఎక్కి పడవలోకి దిగాడు. అడుగున పరిచిన చెక్కలు ఒక్కొక్కటీ ఎత్తి, మోకాళ్ళ మీద కూర్చుని కింద చెయ్యి పెట్టి తడిమాడు. చెయ్యి జారింది. కన్ను పడని ఆ చీకట్లో కూడా చిత్రిక పట్టి ఉంది, అన్నం తినే పీటంత నున్నగా. మేకుల మొనలు వంచి, చెక్క గీత వెంబడే లోపలికి దిగ్గొట్టి ఉన్నాయి. ఒక్కటి కూడా వేలికి గుచ్చుకోలేదు. సందుల్లో నార సమంగా ఉంది. ఆయన కూరినా ఇంతకన్నా బాగా కూరలేడు. ఊపిరి కాస్త ఆడింది. మళ్ళీ పైకొచ్చి, పడవ అంచు మీంచి పెరటి వెనక్కి చూశాడు. అక్కడ బల్లలు ఆవిరి పట్టి వంచే పొడుగాటి తొట్టి, దాని కింద పొయ్యి, పొయ్యి పక్కన బూడిద. నిలువెత్తు బూడిద కుప్ప!

చెత్త లేకపోవడమేమిటి, చెత్తంతా ఇక్కడ కాలి కూర్చుంది. ఇన్ని చెక్కలు పారేశాడంటే వీడు పనివాడు. నికార్సైన పనివాడు. ఆయనకి ఒక్కసారిగా ఏడుపొచ్చినంత పనయింది. పొడుగు మేస్త్రిని వెళ్ళి కౌగిలించుకోవాలనిపించింది. మేనకోడలికి ఏమీ చెప్పక్కర్లేదు. ఇంకొక్క రోజు గడిచిపోతుంది. ఇది పదోది, ఆఖరిది, దీంతో మానేస్తానని గట్టిగా అనుకున్నాడు.

కిందికి దిగి కొడతి విప్పాడు. ఎడమ పక్క వెనక నుంచి మొదలుపెట్టాడు. తట్టడం, ఆగడం, తల వంచడం, జరగడం. చూసేవాళ్ళకి ఏ లోపమూ కనిపించదు. ఆ వంపులు ఒంటికి అలవాటైపోయాయి, చెవితో పనిలేకుండానే వస్తాయి. డబ్. డబ్. డబ్. మేనకోడలు చేతులు కట్టుకుని ఆయన ముఖంలోకే చూస్తోంది. ఆమె చూపు చెంప మీద వేడిగా తగులుతోంది. పక్కనే మొగుడు. వాళ్ళ వెనక పొడుగు మేస్త్రి, నడుము మీద చెయ్యి పెట్టుకుని, కొడతి ఎక్కడికెళితే అక్కడికి ఒక్కో అడుగూ జరుగుతూ.

ఎడమ పక్క అయింది. ముక్కు దగ్గరికొచ్చి వంగాడు. ఇప్పుడు ఆయన కుడి చెవి వాళ్ళ వైపుంది. కింది నుంచి మొదటి బల్ల తట్టాడు. రెండోది తట్టాడు. వంగినప్పుడు కంటి కొస నుంచి చూస్తే, మొగుడు చటుక్కున తల తిప్పి పొడుగు మేస్త్రి వైపు చూడడం కనిపించింది. మేనకోడలి చెయ్యి నోటి మీదికి వెళ్ళింది. ఆలస్యమవుతోందని కంగారు పడుతున్నారనుకున్నాడు.

మూడో బల్ల తట్టాడు. డబ్. అదే డబ్. కానీ కొడతి పిడి పట్టుకున్న అరచేతికి ఏదో తెలిసినట్టయింది. మిగతా బల్లల మీద కొడతి ఎగిరి పడింది. దీనిమీద ఎగరలేదు, కూర్చుంది. మళ్ళీ తట్టాడు. కూర్చుందా? ఏమో. భయానికి చెయ్యే బరువెక్కిందేమో. మూడోసారి తట్టి, తలెత్తి బూడిద కుప్ప వైపు చూశాడు. అంత చెక్క తగలేసినవాడు చెడ్డ బల్ల వేస్తాడా? వెయ్యడు. కన్ను పడని చోట చిత్రిక పట్టినవాడు ముక్కు మీద మోసం చేస్తాడా? చెయ్యడు.

చెయ్యి చెప్పిందాన్ని పక్కకి నెట్టేశాడు. కుడి పక్క కూడా ముగించి వచ్చాడు. ఎవరూ ఏమీ అనలేదు, లేదా అన్నారేమో ఆయనకి తెలియదు. వాళ్ళ ముందుకొచ్చి నడుం నిటారుగా చేశాడు.

"మోగుతోంది," అన్నాడు. మేనకోడలి కళ్ళలోకి చూసి, ఇంకాస్త కలిపాడు. "అన్నీ మోగుతున్నాయి."

ఆ మాటకి వెలగాల్సిన ముఖం వెలగలేదు. ఆమె ఆయన్ని ఎరగనట్టు చూసింది. మొగుడు నేల చూపులు చూశాడు. పొడుగు మేస్త్రి ఒక్కడే ఆయన చెవుల వైపు, ముందు కుడి చెవి వైపు, తర్వాత ఎడమ చెవి వైపు, నెమ్మదిగా చూశాడు. ఆ చూపు పనివాడి చూపు. చెక్కలో గీత ఎటు పోతోందో చూసే చూపు. 

మేనకోడలు చుట్టూ తిరిగి వచ్చింది, వాళ్ళ అత్తయ్య తిరిగినట్టే. ఎడమ చెవి దగ్గరికి వంగింది.

"మూడో బల్ల పుచ్చిపోయిందని ఆయన ఇప్పుడేగా చెప్పాడు మావయ్యా?"

"ఏంటి?"

"నువ్వు తప్పేముందని అడిగావు కదా. చోటు చూపించి చెబుదామని ఆగాట్ట. నువ్వు ముక్కు దగ్గర వంగినప్పుడు చెప్పాడు. ఆ మూడో బల్ల మార్చకుండా పడవ ఇవ్వనన్నాడు. నువ్వు పక్కనే ఉన్నావు. మేమందరం విన్నాం!"

  అప్పుడు పొడుగు మేస్త్రి ముందుకొచ్చాడు. వచ్చి ఆయన ఎడమ పక్కనే, సరిగ్గా ఎక్కడ నిలబడాలో అక్కడే నిలబడ్డాడు. అంతసేపూ గొణిగిన మనిషి గొంతెత్తి, మాట మాట విడదీసి పలికాడు.

"మీ మావయ్య నన్ను పరీక్షించారమ్మా. తప్పు చెప్పాక కూడా ఆయన మోగుతోందంటే, హమ్మయ్య అని నోరు మూసుకుంటానా, కాదండీ అంటానా అని చూశారు. పెద్దవాళ్ళు అలాగే చూస్తారు."

ప్రతి మాటా అందింది. మేనకోడలు ఊపిరి వదిలింది. నవ్వు సగం దాకా వచ్చి ఆగి, నిజమేనా అన్నట్టు ఆయన వైపు చూసింది. మొగుడి ముఖం కూడా విచ్చుకుంది. ఎంత చక్కటి అబద్ధం! చిత్రిక పట్టి, మొనలు వంచి, సందు లేకుండా దిగ్గొట్టిన అబద్ధం. తల ఒక్కసారి ఊపితే చాలు. చెవి మేస్త్రి చెవి మేస్త్రిగానే మిగిలిపోతాడు. బల్ల ఎలాగూ మారుతుంది, పిల్లలకి ఏ ముప్పూ లేదు. ఊపడానికి మెడ సిద్ధంగానే ఉంది.

కానీ ఆయనకి కొడతి కూర్చున్న సంగతి గుర్తొచ్చింది. ఈ పొడుగాయన నోరు విప్పకపోతే, ఆ బల్ల ఉన్న పడవలో నడుముకి తాడు కట్టిన పసిపిల్ల నిద్రపోయేది. ఒక చెడ్డ బల్లని తను మోగుతోందన్నాడు. చెయ్యి వద్దంటున్నా అన్నాడు. బూడిద చూసి అన్నాడు.

"కాదు," అన్నాడు. తన గొంతు ఎంత పెద్దగా వచ్చిందో ఆయనకి తెలియలేదు. "పరీక్షా లేదు, పాడూ లేదు. నాకు వినపడలేదు. ఆర్నెల్లుగా వినపడ్డం లేదమ్మాయ్. ఈ మాటా వినలేదు, ఆ బల్లా వినలేదు."

 మేనకోడలు అంది. ఎడమ చెవి పక్కనే, అరిచినట్టు కాదు, పళ్ళు బిగించి. కొన్ని మాటలు అందాయి, కొన్ని పెదాల మీద చూశాడు.

"నువ్వు చెవిటివాడివైతే నాకేం నామోషీ మావయ్యా? నిన్ను నెత్తిన పెట్టుకుని చూసుకోనా? నా పిల్లల్ని... నువ్వు... ఆ మాట మీదే కదా నేను..." అక్కడితో ఆగిపోయింది. ఏడుపు ఆపుకోవడానికి పడవకి చెయ్యి ఆనించింది. మొగుడు ఒక దిమ్మె మీద కూలబడ్డాడు. 

సిగ్గుతో చచ్చిపోవడమంటే ఏమిటో చెవి మేస్త్రికి అరవై ఐదో ఏట తెలిసింది. అయినా ఇక దాచుకోనక్కర్లేదు. ఆ తేలికకి ఆయనకే ఆశ్చర్యం వేసింది.

పొడుగు మేస్త్రి అందర్నీ వాళ్ళ మానాన వదిలేసి, షెడ్డులోకి వెళ్ళి బాడిసా, పట్టుకారూ తెచ్చాడు. గోడకి ఆనించి కొత్త బల్ల ఒకటి అప్పటికే కోసి సిద్ధంగా ఉంది. చెక్క లోపల ముందే తేమ పట్టి పుచ్చి ఉందట, రంగు వేశాక గాని తెలియలేదట. చెవి పక్కకొచ్చి, చెడు జానెడు కన్నా ఎక్కువే ఉంటుందన్నాడు. చెవి మేస్త్రి వంగి, రంగు పొర గోటితో గీకి, వేలు పెట్టి నొక్కాడు. వేలు మొదటి కణుపు దాకా దిగింది. తీసి చూసుకున్నాడు. గోధుమరంగు పొడి, తడిగా. ఇది రెండు జానలు ఉంటుందనుకున్నాడు. అనుకున్నాడే గాని పైకి అనలేదు.

కొడతి మేనకోడలి చేతికిచ్చాడు.

"నువ్వు తట్టు."

"నాకేం తెలుసు?"

"కుండలు కొనడం మీ అత్తయ్య నీకు నేర్పలేదా? తట్టు. మీద మీద కాదు, మణికట్టు వదులు చేసి తట్టు. కొట్టగానే కొడతి తీసేయ్, బల్లని మాట్లాడనియ్."

ఆమె కన్నీళ్ళు మోచేత్తో తుడుచుకుని తట్టింది. పుచ్చిన బల్ల మీద మొదట, తర్వాత దాని పక్కదాని మీద. ఆయన ఆమె ముఖం చూశాడు. పుచ్చినదాని మీద కనుబొమలు ముడిపడ్డాయి, ఎవరో మూలిగితే ముడిపడ్డట్టు. పక్కదాని మీద విడిపోయాయి. మళ్ళీ దీనిమీద ముడి, మళ్ళీ దానిమీద విడుపు. ఆరు నెలల తర్వాత మొదటిసారిగా ఒక మంచి బల్ల మోగడం ఆయనకి తెలిసింది. ఆమె ముఖంలో తెలిసింది. 

ఆమె వరసగా అన్ని బల్లలూ తట్టుకుంటూ వెళ్ళింది, ఎడమ పక్కంతా, కుడి పక్కంతా. ఆయన పక్కనే నడుస్తూ ఆమె కనుబొమలు చూశాడు. ఇంకెక్కడా ముడి పడలేదు. తిరిగొచ్చి ఆయన ఎడమ పక్క నిలబడి అంది.

"ఆ ఒక్కటి తప్ప అన్నీ మోగుతున్నాయి మావయ్యా."

గొంతులో కోపం ఇంకా ఉంది. ఉండనీ అనుకున్నాడు. ఉండాల్సిందే.

పొడుగు మేస్త్రి షెడ్డులోంచి టీ తెచ్చి అందరికీ గ్లాసులు అందించాడు. చెవి మేస్త్రి దిమ్మె మీద కూర్చుని గ్లాసు పక్కన పెట్టుకున్నాడు. ఈ ఆర్నెల్లలో తట్టిన పడవలు లెక్కపెడుతూ వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు. పెంకుల పడవ ఒకటి, మట్టి పడవలు రెండు, గడ్డి మోసేవాడిది ఒకటి... మడిచిన వేళ్ళు ఎనిమిదయ్యాయి. తొమ్మిదో దాని దగ్గర చెయ్యి ఆగింది. ఇటుకల పడవ. పన్నెండు రోజుల క్రితం తట్టాడు. దాని అడుగు బల్ల మీద కూడా కొడతి కూర్చుంది. అప్పుడు చెయ్యి నొప్పి అనుకున్నాడు. నిన్న సాయంత్రం లాకుల దగ్గర నిండా ఇటుకలు ఎక్కించడం చూశాడు. అందులో ఉండేది మొగుడూ పెళ్ళాలూ, ముసలి తల్లీ. ఇవాళ మధ్యాహ్నం లాకు తలుపులు తీస్తే నదిలోకి దిగుతుంది.

ఆయన లేచి నిలబడ్డాడు. పొద్దు ఎక్కడిదాకా వచ్చిందో చూశాడు. మేనకోడలి మొగుడు కూడా లేచి, ఏమిటన్నట్టు దగ్గరికొచ్చాడు. ఆయన రెండు ముక్కల్లో చెప్పాడు.

"నేను పరిగెత్తుకెళ్ళి చెప్తా మావయ్యగారూ," అన్నాడు అతను, చెవి దగ్గర, ఆ పొద్దుటి నుంచీ మొదటిసారిగా. "మీరు నడిచి వెళ్ళేసరికి ఆలస్యమైపోతుంది."

"పరిగెత్తు. తలుపులు తియ్యొద్దని లాకు మనిషికి చెప్పు. పడవవాళ్ళకి మాత్రం ఏం చెప్పకు. నువ్వు చెబితే వాళ్ళు నమ్మరు. చెవి మేస్త్రి మాట మీద కొన్నారు వాళ్ళు. ఆ మాట అన్నవాడే వచ్చి వెనక్కి తీసుకోవాలి."

కుర్రాడు చెప్పులు చేత్తో పట్టుకుని గట్టు మీద పరుగందుకున్నాడు. చెవి మేస్త్రి వెనకే బయల్దేరాడు. కొడతి మేనకోడలి చేతిలోనే ఉంది. అడగలేదు. పొడుగు మేస్త్రి వైపు చేతులు రెండూ జోడించాడు. ఆయన పట్టుకారు కింద పెట్టి, తిరిగి జోడించాడు. తుమ్మచెట్ల మలుపు దాకా చెవి మేస్త్రి నడిచాడు, ఆ తర్వాత ఆ వయసులో చేతనైనట్టు పరిగెత్తాడు. ఇటుకల పడవవాడు తిడతాడు, తిట్టాలి. తర్వాత మట్టి పడవలు. తర్వాత గడ్డి పడవ. ఇంటికి వెళ్ళేసరికి చెవి మేస్త్రి ఉండడు. భార్యకి మొగుడు ఉంటాడు, అంతే.

మేనకోడలు వెనక నుంచి రెండుసార్లు పిలిచింది. ఆయన తిరగలేదు. మూడోసారి పిలవబోయి, ఊరుకుంది.

దిమ్మె మీద ఆయన గ్లాసు అలాగే ఉంది. పొడుగు మేస్త్రి పుచ్చిన బల్ల ఊడదీస్తుంటే రాలిన గోధుమరంగు పొడి అందులో పడి, కట్టిన మీగడ మీద సన్నగా నిలిచింది.